కొల్లూరు రాళ్లు

గోల్కొండ వజ్రం, గోల్కొండ వజ్రం అంటారే, ఆ గోల్కొండలో ఏనాడూ ఒక్క వజ్రమైనా తవ్వలేదురా. అక్కడున్నది అంగడి. తూచేవాళ్లు, సానబట్టేవాళ్లు, కొనేవాళ్లు, వాటా పుచ్చుకునే సుల్తాను, వీళ్లంతా అక్కడ. రాయి పుట్టింది మాత్రం మన వైపు. కృష్ణకి దక్షిణపు గట్టున, బెల్లంకొండ దాటి వెళ్తే కొల్లూరు. ఏటికి అటు పరిటాల. ఇంకా పైకి, కర్నూలు సీమలో రామళ్లకోట. రేపు పొద్దున్నే కొల్లూరు పోదామని సంచులు సర్దకండి. పులిచింతల కట్టాక ఆ ఊరు నీళ్లలో పోయింది. చూద్దామన్నా కనపడేది నీళ్లే.

ఆ పుల్ల కాస్త లోపలికి తొయ్యరా పెద్దాడా, పొగంతా నా మొహానికే కొడుతోంది. ఆఁ.

ఏమ్మా, నువ్వు వాషింగ్టన్ మ్యూజియంలో నీలం రాయి చూశానన్నావుగా? గాజుపెట్టెలో తిరుగుతూ ఉంటుంది, చుట్టూ తెల్ల రాళ్లు పొదిగి. హోప్ వజ్రం. అది మన కొల్లూరుదేనని రాళ్ల సంగతి తెలిసినవాళ్లంతా అంటారు. దాన్ని ఇక్కణ్ణుంచి పట్టుకుపోయినవాడు రాసిన పుస్తకం ఒకటుంది. నేను బళ్లో సోషల్ చెప్పే రోజుల్లో గుంటూరు నుంచి తెప్పించుకుని చదివా. ఆ ఫ్రెంచివాడు టావెర్నియర్. 1605లో పారిస్‌లో పుట్టాడు. పడవల మీద, ఒంటెల మీద, ఎడ్లబండ్ల మీద పడి ఆరుసార్లు తూర్పు దేశాలకు వచ్చాడు. వ్యాపారి. చూసింది చూసినట్టు రాసే అలవాటు ఉన్నవాడు, అది మన అదృష్టం. మనవాళ్లలో గనుల్ని గురించి ఆ మాత్రం రాసి పెట్టినవాడు లేడు.

అప్పట్లో లోకంలో ఏ రాజు తలపాగాలో, ఏ రాణి మెడలో రాయి మెరిసినా దాదాపు అంతా ఈ దేశపు సరుకే. బోర్నియో దీవిలో కాసిని దొరికేవి, అంతే. బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడింది 1720ల్లో. దక్షిణాఫ్రికా సంగతి 1867 తర్వాత మాట. కాబట్టి వజ్రం కావాలంటే ఎవడైనా మచిలీపట్నంలోనో సూరత్‌లోనో దిగి ఇటు రావాల్సిందే.

1652లో టావెర్నియర్ గండికోట వెళ్లాడు. ఎందుకూ అంటే, గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా విలువైన వస్తువేదైనా మీర్ జుమ్లా ముందు చూసి సరేనంటే తప్ప కొనడని తెలిసింది. మీర్ జుమ్లా పర్షియావాడు. వజ్రాల వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఇక్కడికొచ్చి, మారుపేర్ల మీద గనులు గుత్తకు తీసుకుని, సుల్తానుకి పెద్ద మంత్రి అయి కూర్చున్నాడు. అప్పటికి గండికోట పట్టుకుని అక్కడే మకాం వేశాడు. టావెర్నియర్ డేరాలోకి వెళ్లేసరికి ఆయన వట్టి కాళ్లతో బాసిపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడట. కాలివేళ్ల సందుల్లో ఉత్తరాలు. ఎడమ చేతివేళ్ల సందుల్లో ఇంకొన్ని ఉత్తరాలు. ఒకటి కాలి నుంచి లాగుతాడు, జవాబు చెబుతాడు, పక్కనున్న ఇద్దరు రాతగాళ్లు రాసుకుంటారు. ఇంకొకటి చేతి నుంచి లాగుతాడు. నవ్వకండి, అది పని చేసే పద్ధతి! మా హెడ్‌మాస్టరు టేబుల్ మీద కాగితాల గుట్ట చూసినప్పుడల్లా నాకు మీర్ జుమ్లా కాళ్లే గుర్తొచ్చేవి.

ఇక గని సంగతి. కొల్లూరులో వజ్రాలున్నాయని తెలిసింది టావెర్నియర్ కాలానికి వందేళ్ల ముందట. ఎవరో బీదవాడు సజ్జో జొన్నో చల్లుకుందామని కాస్త నేల తవ్వుకుంటుంటే పాతిక క్యారెట్ల రాయి తగిలింది. ఏమిటో తెలియక గోల్కొండ తీసుకెళ్తే, అక్కడి వ్యాపారి కళ్లు తిరిగి పడిపోయినంత పని అయింది. వాడి పేరు టావెర్నియర్ రాయలేదు. వాడికి ఏం ముట్టిందో కూడా రాయలేదు.

టావెర్నియర్ చూసేనాటికి ఆ గనిలో అరవై వేలమంది దాకా పని చేస్తున్నారు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తారు. పని మొదలెట్టే రోజు చూడాలి. ముందు పక్కన ఒక చోటు చదును చేసి, చుట్టూ రెండడుగుల ఎత్తున గోడ పెడతారు. గోడ అడుగున నీళ్లు పోవడానికి కంతలు వదిలి, అవసరమొచ్చేదాకా మూసి ఉంచుతారు. తర్వాత గని గుత్తదారు తన చుట్టాలతో సహా వస్తాడు. దేవుడి రాతి విగ్రహం ఒకటి నిలబెడతారు. అందరూ మూడుసార్లు సాష్టాంగపడతారు. పూజారి ప్రతివాడి నుదుటా కుంకుమపువ్వు కలిపిన బంక రాసి, దాని మీద ఏడో ఎనిమిదో బియ్యపు గింజలు అంటిస్తాడు. అప్పుడు భోజనాలు. ఆకులు కుట్టిన విస్తట్లో అన్నం, ఒక రాగి గిన్నెలో నెయ్యి, అందులో పంచదార. తిని లేచాక గడ్డపార పట్టుకుంటారు.

పది అడుగులు, పన్నెండు, పద్నాలుగు. నీళ్లు పడ్డాయంటే ఆగిపోవాల్సిందే, ఇంక లోపలికి పోయినా లాభం లేదు. తీసిన మట్టంతా ఆ గోడ లోపల పోసి, గుంటలో ఊరిన నీళ్లే కుండలతో తోడి దాని మీద పోస్తారు. ఒకరోజో రెండ్రోజులో నానిస్తే అంబలిలా అవుతుంది. అప్పుడు కంతలు తెరుస్తారు, బురద నీళ్లు జారిపోతాయి. మళ్లీ నీళ్లు, మళ్లీ జార్చడం. చివరికి ఇసుక మిగులుతుంది. మన ఎండకి ఎండడానికి ఎంతసేపు? ఎండిన ఇసుకని చేటలకెత్తి తూర్పార పడతారు. సన్నటి దుమ్ము ఎగిరిపోగా మిగిలిన గడ్డల్ని పెద్ద కర్ర రోకళ్లతో దంచుతారు. మళ్లీ చెరుగుతారు. ఆ తర్వాత అందరూ ఒక వరసలో కూర్చుని, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వేళ్లతో వెతుకుతారు. అంతా మన ఆడవాళ్లకి తెలిసిన పనే చూడు. చెరగడం, దంచడం, ఏరడం. ఫ్రాన్సు రాజు కిరీటం అలా చేటలోంచి వెళ్లింది.

కూలి ఎంతో తెలుసా? రామళ్లకోట గనిలో పనితనం బాగా తెలిసినవాడికి ఏడాదికి మూడు వరహాలు. ఏడాదికమ్మా, నెలకి కాదు! ఏభైమంది పనివాళ్ల మీద పన్నెండు, పదిహేనుమంది కాపలా. ఎందుకూ అంటే దొంగతనాలు. అంత తక్కువ కూలికి రాయి కనపడితే మింగకుండా ఎవడుంటాడు? ఒకడు చిన్న రాయిని కంటి కొసలో దాచుకున్నాడట. పట్టుకున్నారు. పెద్ద రాయి దొరికి, బుద్ధిగా తెచ్చి యజమానికి ఇచ్చినవాడికి మాత్రం బహుమానం ఉంది. ఒక తలపాగా గుడ్డ, అర వరహా, కాసిని బియ్యం, ఒక పళ్లెం పంచదార.

ఈ మూడు వరహాల లెక్క గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

రామళ్లకోటలోనే టావెర్నియర్ చూసిన ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. పొద్దున్నే ఊరి మధ్య పెద్ద చెట్టు కింద వ్యాపారుల కొడుకులు వచ్చి కూర్చునేవాళ్లు. పదేళ్ల నుంచి పదిహేను, పదహారేళ్ల దాకా పిల్లలు. అంటే మీ ఈడువాళ్లే. ఒక్కొక్కడికీ ఒక పక్క తూనికరాళ్ల సంచి, ఇంకో పక్క మొలకి కట్టుకున్న సంచిలో అయిదారు వందల బంగారు వరహాలు! ఎవరో ఒకరు రాయి తెస్తారని ఎదురు చూస్తుంటారు. తెచ్చిన రాయిని అందరికంటే పెద్ద పిల్లాడి చేతిలో పెట్టాలి. వాడు చూసి పక్కవాడికి ఇస్తాడు. వాడు తర్వాతివాడికి. ఒక్కడూ నోరు విప్పడు. రాయి అందరి చేతులూ తిరిగి మళ్లీ పెద్దవాడికి వచ్చాక వాడు బేరం మొదలెడతాడు. పొరపాటున ఎక్కువ పెట్టి కొన్నాడో, ఆ నష్టం వాడిదే. సాయంత్రం అందరూ కలిసి కొన్నవన్నీ రంగునిబట్టి, బరువునిబట్టి, మచ్చనిబట్టి వేరు చేసి, పెద్ద వ్యాపారులకి అమ్మి, లాభం సమానంగా పంచుకునేవాళ్లు. పెద్దవాడికి నూటికి పావలా వంతు ఎక్కువ. మా బళ్లో లాభనష్టాల లెక్కలు చెప్పేటప్పుడు ఈ కథ చెబితే వెనకబెంచీ కూడా నిద్రపోయేది కాదు.

పెద్దవాళ్ల బేరం ఇంకో రకం. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకడు తన నడికట్టు విప్పి, ఇద్దరి చేతుల మీదా కప్పుతాడు. గుడ్డ కింద చెయ్యి మొత్తం పట్టుకుంటే వెయ్యి. ఎన్నిసార్లు నొక్కితే అన్ని వేలు. అయిదు వేళ్లు పట్టుకుంటే అయిదు వందలు. ఒక వేలు వంద. వేలి నడిమి కణుపు దాకా యాభై, కొస కణుపు పది. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ ధర తెలియదు. మీకు ఇదేదో వింతగా ఉంది కానీ, మా నాన్నతో ఎడ్ల సంతకి వెళ్లినప్పుడు దళారులు తుండుగుడ్డ కింద చేతులు పెట్టి బేరమాడటం నా కళ్లతో చూశా. ఎద్దు పక్కనే నిలబడి ఉండేది, పాపం, దాని ధర దానికీ తెలిసేది కాదు.

సరే, నీలం రాయి. టావెర్నియర్ దాన్ని ఎక్కడ, ఎవరి దగ్గర కొన్నాడో రాయలేదు. బరువు 112 క్యారెట్ల పైచిలుకు, రంగు చక్కటి ఊదా అని మాత్రం రాశాడు. తీసుకెళ్లి ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. ఆ డబ్బూ పరువూ పెట్టుకుని స్విట్జర్లాండ్‌లో ఒక జమీ కొనుక్కున్నాడు. రాజు 1673లో దాన్ని మళ్లీ కోయించాడు, 69 క్యారెట్లకు దిగింది. తర్వాత ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1792 సెప్టెంబరులో దొంగలు రాత్రుళ్లు కిటికీల్లోంచి రాజుగారి నగల కొట్టులోకి దూరారు. ఒక రాత్రి కాదమ్మా, వరసగా కొన్ని రాత్రులు! కాపలావాళ్లు ఏం చేస్తున్నారో. నీలం రాయి మాయం. సరిగ్గా ఇరవై ఏళ్లు దాటి, దొంగతనం మీద చట్టపు గడువు తీరిపోయిన నెలలో, 1812 సెప్టెంబరులో లండన్‌లో 45 క్యారెట్ల పైచిలుకు నీలం రాయి ఒకటి తేలింది. ఆ కాస్త కోత ఎందుకు కోశారో మీకే అర్థమై ఉండాలి. దాన్ని ఆ తర్వాత దాచుకున్నవాడు హోప్ అనే బ్యాంకరు కుటుంబంవాడు. అదీ పేరు.

శాపమా? అమ్మాయీ, ఆ శాపం సంగతి నువ్వు మీ టీచరు దగ్గర విన్నావు కదూ. సీతమ్మవారి విగ్రహం కంట్లోంచి పెకలించాడనీ, అందుకే టావెర్నియర్‌ని కుక్కలు పీక్కుతిన్నాయనీ కథ. ఆయన ఎనభై నాలుగేళ్లు బతికి, అప్పుడు కూడా ఊరుకోక మళ్లీ తూర్పు ప్రయాణం కట్టి, 1689లో మాస్కోలో పోయాడు. ఎనభై నాలుగేళ్లు బతకడం శాపమైతే నాకూ ఇప్పించండి. ఆ కథకి మసాలా దట్టించింది పారిస్ నగల వ్యాపారి కార్టియే. 1911లో ఎవలిన్ మెక్లీన్ అనే అమెరికా కలవారమ్మాయికి రాయి అంటగట్టడానికి. ఆవిడకి చెడ్డవన్నీ తనకి కలిసొస్తాయని నమ్మకమట, ఆయన ఆ నాడి పట్టాడు. ఆవిడ కుక్క మెడలో కూడా వేసేదంటారు. ఆవిడ పోయాక న్యూయార్క్ నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ కొని, 1958లో మ్యూజియానికి ఇచ్చేశాడు. ఎలా పంపాడు? తపాలాలో! గోధుమరంగు కాగితం చుట్టి, రిజిస్టరు పోస్టులో. స్టాంపులు రెండు డాలర్ల 44 సెంట్లు, మిగతాది బీమా, అంతా కలిపి 145 డాలర్ల 29 సెంట్లు. ఇక్కడ గనిలో ఏభైమందికి పదిహేనుమంది కాపలా పెట్టారే, ఆ రాయి చివరికి పోస్టుమాన్ చేతి సంచిలో వెళ్లింది.

ఇప్పుడు ఆ మూడు వరహాల లెక్క తియ్యండి. మద్రాసు కోటకి గవర్నరుగా థామస్ పిట్ అని ఒకడుండేవాడు. గడుసువాడు. ఈస్టిండియా కంపెనీని కాదని సొంత వ్యాపారం చేస్తున్నాడని అంతకు ముందు ఆ కంపెనీయే వాడిని కోర్టుకీడ్చి జరిమానా వేయించింది. వీడిని పట్టుకోవడం కంటే కొలువులో పెట్టుకోవడం మేలని గవర్నరుని చేసింది. 1701-02లో జమ్‌చంద్ అనే వజ్రాల వర్తకుడు వాడి దగ్గరికి 410 క్యారెట్ల ముడి రాయి తెచ్చాడు. కొల్లూరుదే అంటారు. రెండు లక్షల వరహాలు అడిగాడు. పిట్ ముప్పై వేలన్నాడు. లాగి లాగి 48 వేల దగ్గర తెగింది. రామళ్లకోట కూలి లెక్కన ఒక మనిషి ఆ డబ్బు కళ్లజూడాలంటే పదహారు వేల ఏళ్లు తవ్వాలి. భాగించి చూసుకోండి, నేను చూసుకున్నా.

ఆ రాయి దొరికిన తీరు గురించీ ఒక కథ ఉంది. గనిలో బానిస ఒకడు పిక్క కోసుకుని, ఆ గాయంలో రాయి పెట్టి కట్టు కట్టుకుని సముద్రం దాకా పారిపోయాడనీ, సగం వాటాకి పడవ ఎక్కించుకున్న ఇంగ్లీషు కెప్టెను వాణ్ణి నీళ్లలో తోసేశాడనీ. నమ్మమనను, అబద్ధమనీ అనను. కానీ పిట్ చెవిన మాత్రం ఈ గుసగుసలు బాగానే పడ్డాయి. దేశానికి పోతూ దారిలో 1710లో నార్వేలో ఆగినప్పుడు, నేను దీన్ని న్యాయంగానే కొన్నాను అని దేవుడి మీద ప్రమాణం చేసి కాగితం రాసుకున్నాడు. అడగకుండానే అంత ప్రమాణం చేసినవాణ్ణి చూస్తే నాకైతే అనుమానం పెరుగుతుంది.

లండన్‌లో సాన పట్టడానికి రెండేళ్లు పట్టింది. 410 క్యారెట్లు 140కి వచ్చింది. అంత రాయి కొనేవాడు దొరకాలి కదా. ఏళ్ల తరబడి తిప్పాడు. చివరికి 1717లో ఫ్రాన్సుని ఏలుతున్న రీజెంటు, ఓర్లియాన్స్ ప్రభువు, లక్షా 35 వేల పౌన్లకు కొన్నాడు. అందుకే దాని పేరు రీజెంట్. ఆ డబ్బుతో పిట్ కార్న్‌వాల్‌లో పెద్ద ఎస్టేటు కొన్నాడు, కుటుంబం గొప్పింటిదైపోయింది. మనవడు విలియం పిట్ 1766లో ఇంగ్లండుకి ప్రధానమంత్రి అయ్యాడు. అదే ఏడు నవంబరులో నిజాం మన ఉత్తర సర్కారులను కంపెనీకి రాసిచ్చాడు. గుంటూరు సర్కారు మటుకు ఇంకో ఇరవై ఏళ్లు ఆగింది. ముని మనవడు ఇరవై నాలుగేళ్లకే ప్రధాని. తాత ఫ్రాన్సుకి వజ్రం అమ్మితే, మనవడూ ముని మనవడూ ఆ ఫ్రాన్సుతోనే యుద్ధాలు నడిపారు.

రీజెంటు కూడా 1792 దొంగతనంలో పోయింది, మరుసటి ఏడు ఒక అటక దూలంలో దొరికింది. సైన్యం ఖర్చుల కోసం కుదువ పెట్టారు. నెపోలియన్ విడిపించి కత్తి పిడిలో పొదిగించుకున్నాడు. చివరికి పారిస్‌లో లూవ్ర్ మ్యూజియానికి చేరింది. 2025 అక్టోబరులో పట్టపగలు దొంగలు అదున్న గదిలోనే పడి రాణీగార్ల నగలు ఎత్తుకుపోయారని పేపర్లో చదివాంగా? రీజెంటుని ముట్టుకోలేదు. ఎందుకో వాళ్లనే అడగాలి. అంత పేరున్న రాయిని కొనేవాడు దొరకడనేమో.

కోహినూరు గురించి అడక్కండిరా. ప్రతివాడూ అది మా ఊరిదే అంటాడు. ఎక్కడ, ఎప్పుడు తవ్వారో రాసిన కాగితం లేదు. లాహోరులో పదేళ్ల పిల్లాడైన దులీప్ సింగ్ చేత 1849లో సంతకం పెట్టించుకుని ఇంగ్లీషువాళ్లు తీసుకున్నారు. 1851లో లండన్ ప్రదర్శనలో పెడితే, ఇదేనా అని జనం పెదవి విరిచారు. మరుసటి ఏడు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనివాళ్లని పిలిపించి, ఆవిరి యంత్రం పెట్టి కోయించారు. 186 క్యారెట్ల రాయి 105 అయింది. అంతవరకే నాకు ఖాయంగా తెలుసు. కోత అంటే జ్ఞాపకం వచ్చింది, మీర్ జుమ్లా షాజహానుకి ఇచ్చిన కొల్లూరు రాయిని వెనిస్‌వాడు బోర్జియో అరగదీసి సగానికి పైగా పొడి చేశాడట. కూలి ఇవ్వకపోగా పాదుషా పదివేల రూపాయలు జరిమానా వేశాడు. వాడి దగ్గర ఇంకా ఉంటే ఇంకా లాగేవాడే అని రాశాడు టావెర్నియర్. ఆ రాయిని ఆయన 1665 నవంబరులో చేత్తో పట్టుకుని చూశాడు. కోడిగుడ్డుని సగానికి కోసినట్టుందట.

అన్నిట్లోకీ నాకు నవ్వొచ్చేది నిజాం సంగతి. 1891లో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా సిమ్లా వ్యాపారి జాకబ్ దగ్గర ఒక పెద్ద వజ్రం బేరమాడాడు. గోల్కొండ ఆయన సొంత కోట! రాయేమో దక్షిణాఫ్రికాది. బేరం బెడిసి, కలకత్తా హైకోర్టు దాకా పోయి, రాజంతటివాడు సాక్ష్యం చెప్పాల్సొచ్చింది. ఆ రాయంటేనే ఆయనకి రోత పుట్టింది. ఆయన పోయాక కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కి అది తండ్రి చెప్పు ముందు భాగంలో దొరికింది. ఆయన దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడు. 184 క్యారెట్ల పైన తూగుతుంది. 1995లో మన ప్రభుత్వం నిజాం నగలన్నిటితో కలిపి 218 కోట్లకి కొంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు లైన్లో నిలబడి చూశా. మీ నాన్నమ్మ ఒక్కసారి చూసి, దీనికా ఇంత తోపులాట అంది.

వజ్రాలు వెతుకుదామంటావా? కొల్లూరులో కాదు గానీ, కర్నూలు సీమలో జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి వైపు వెళ్లు. తొలకరి పడిందంటే చాలు, ఎక్కడెక్కడి జనమో బస్సులెక్కి వచ్చి, పక్క జిల్లాలవాళ్లు గుడి అరుగుల మీద పడుకుని మరీ, పొద్దున్నుంచీ దున్నిన చేలల్లో తలొంచుకుని తిరుగుతారు. చేను గలవాడు విత్తనం తొక్కేస్తున్నారని తిడుతుంటాడు. ఏడాదికి కొంతమందికి నిజంగానే దొరుకుతాయి. రాయి దొరికిందన్న మాట పొక్కిన గంటలో కొనేవాళ్లు దిగుతారు. ఎంతకి పోయిందని అడిగితే ఒకడు రెండు లక్షలంటాడు, ఒకడు ఇరవై అంటాడు, కొన్నవాడు అసలు రాయే కొనలేదంటాడు.